నూతిలో పడ్డ వంటవాడు

అది 2005వ సంవత్సరం. జంషెడ్‌పూర్‌లో కద్మా బజారుకు ఆనుకొని ఉన్న ఒక వీధిలో, ఫిజియోథెరపీ చేసే నా స్నేహితురాలి క్లినిక్ వెనక గదిలో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. ముందు గదిలో నడుములు పట్టేసినవాళ్లు, వెనక గదిలో మాట పట్టేసినవాళ్లు. నత్తి ఉన్న కుర్రాళ్లు, మాట ఆలస్యమైన పిల్లలు, పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దలు నా దగ్గరికి వచ్చేవారు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని కనుక తెలుగువాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. మాట నేర్పడానికి కూడా చదువులుంటాయా అని, కర్మాగారంలో ఇంజనీరుగా చేసిన మా నాన్నగారు రిటైరయ్యేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలు కామిక్స్‌ని ఫోనులో చదువుతున్నారు. వేలితో తోస్తే బొమ్మ తర్వాత బొమ్మ వస్తుంది. రంగులు మెరుస్తుంటాయి, చెదలు పట్టవు, పేజీ పోదు. నాకేం కోపం లేదు. కాని మా కాలంలో కామిక్స్ పుస్తకమంటే అదొక వస్తువు. సాక్చి బజార్లో తాళ్లకు బట్టల క్లిప్పులతో వేలాడదీసి అద్దెకిచ్చేవారు. మనకంటే ముందు చదివినవాడి నూనె వేళ్లు, పప్పు మరకలు కథతో పాటే ఇంటికొచ్చేవి. మా తమ్ముడు, నేను ఒకే పుస్తకం మీద పడి పేజీ తిప్పే హక్కు కోసం కొట్టుకునేవాళ్లం. ఆ కాగితం వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగేస్తుంది. పిల్లల చేతుల్లో ఫోను చూసినప్పుడల్లా నాకు ఆ దుకాణాలు, వాటి వెంటే అప్పలనాయుడు గారు గుర్తొస్తారు.

అప్పలనాయుడు గారు రైలింజన్ డ్రైవరు. టాటానగర్ నుంచి గూడ్సు బళ్లు నడిపి నడిపి తల నెరిసిన మనిషి. వాళ్ల నాన్న కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబం. బాగ్‌బేరా రైల్వే కాలనీలో క్వార్టరు. ఆ ఏడు వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ ఒకేసారి పడిపోయాయి. చెయ్యి కొంత తిరిగొచ్చింది గాని మాట రాలేదు. భార్య పైడమ్మ, కూతురు లత చెరో పక్కా పట్టుకొని నా గదిలోకి తీసుకొచ్చారు.

"ఎలా ఉన్నారు నాయుడుగారూ?" అన్నాను.

"బాగానే ఉన్నారు డాక్టరమ్మా," అంది పైడమ్మ.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది. తెల్లారగట్ల లేసినారు. టీ తాగినారు."

"నేను ఆయన్ని అడుగుతున్నానమ్మా."

"ఆయనేటి సెప్తారు డాక్టరమ్మా? మాట లేదు కదా!"

నేను డాక్టర్ని కానని ఆమెకు చెప్పాను. ఆ తర్వాత కూడా డాక్టరమ్మనే. చెప్పడం మానేశాను.

ఆయనకు వచ్చినదాన్ని అఫేసియా అంటారు. గొంతు బాగుంటుంది, నాలుక బాగుంటుంది, తెలివి బాగుంటుంది. తలలో ఉన్న మాటను వెతికి నోటిదాకా తెచ్చే దారి దెబ్బతింటుంది. ఎదుటివాళ్లు అనేది ఆయనకు అర్థమయ్యేది. కిటికీ మూయమంటే లేచి మూసేవారు. ఏమైనా చెప్పాలని నోరు తెరిస్తే మాత్రం "ఆ... ఆ..." అని, తర్వాత తల దించుకునేవారు. ఇలాంటి కేసుల్లో మొదటి నెలలు చాలా విలువైనవి. రోజులు గడిచేకొద్దీ మాట రావడం కష్టమవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మనిషి ప్రయత్నం మానేసి మౌనానికి అలవాటు పడిపోతాడు. అప్పుడిక నాలాంటివాళ్లు చెయ్యగలిగేది పెద్దగా ఉండదు.

పైడమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"దాగమేసినా ఆకలేసినా మొకం సూసి నానే కనిపెట్టి ఇచ్చీత్తన్నాను డాక్టరమ్మా. ఏ లోటూ రానియ్యట్లేదు. పెళ్లైన కాడ్నించీ నన్ను 'ఏటే' అనే పిలిసీవోరు. డ్యూటీ దిగి గుమ్మంలోకొచ్చి 'ఏటే, ఏటి వండేవు?' అనీవోరు. అప్పుడు విసుగొచ్చీది. ఇప్పుడు ఆ ఒక్క ముక్కా ఇంటే సాలు నాకు."

ఈ మాట అన్నప్పుడు ఆమె ఏడవలేదు. కూరలవాడిని తాజా కూర ఉందా అని అడిగినంత మామూలుగా అంది.

పని మొదలుపెట్టాను. మా వృత్తిలో బొమ్మల కార్డులుంటాయి. గొడుగు బొమ్మ చూపించి "ఇదేమిటి?" అంటాం. రాకపోతే "గొ..." అని మొదటి అక్షరం అందిస్తాం. దాన్ని క్యూ అంటారు. నాయుడుగారు మొదట్లో ఓపికగానే కూర్చున్నారు. ఒకటి రెండుసార్లు "గొడుగు" అన్నారు కూడా. కాని రోజు రోజుకీ ఆయన చూపు మారిపోయింది. పచ్చ సిగ్నల్ ఇవ్వాల్సిన చోట ఊరికే ఎర్రది వేసి బండి ఆపేసిన స్టేషన్ మాస్టరును డ్రైవరు ఎలా చూస్తాడో, నన్ను అలా చూసేవారు. ఇంత పెద్ద ఇంజన్లు నడిపినవాణ్ణి పట్టుకొని గొడుగేదీ, పిల్లి ఏదీ అంటుందేమిటి ఈవిడ అని ఆ చూపు. ఆయన్ని అనడానికేం లేదు, నాకే చికాకు పుట్టేది.

అప్పుడు లత ఒక దారి చెప్పింది. ఆ అమ్మాయి కంప్యూటర్ కోర్సు చేసి ఆదిత్యపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేసేది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం.

"మేడమ్, పాపా కో కామిక్స్ బహుత్ పసంద్ థీ," అంది. నాన్నకు కామిక్సంటే పిచ్చి, మంచం కింద ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి, వాటితో ఏమైనా చెయ్యొచ్చా అని దాని భావం.

నాకు ఆలోచన నచ్చింది. లత ఒక హిందీ కామిక్స్‌ని ఆఫీసు స్కానర్‌లో స్కాన్ చేసింది. మనుషుల నోటి దగ్గరుండే మాటల బుడగల్లోని హిందీ అంతా కంప్యూటర్‌లో చెరిపేసి ఖాళీగా వదిలింది. ఒక్కొక్క బొమ్మా తెర నిండా వచ్చేలా చేసి, నా గదిలోని కంప్యూటర్‌లో చూసేందుకు సీడీలో వేసుకొచ్చింది. ఆ బుడగల్లో మాటలు నాన్న చెప్పాలి. ఎంత శుభ్రంగా చేసిందంటే, పుస్తకంలో ఉన్న టీ మరకలు కూడా లేవు. నాయుడుగారికి పక్షవాతం తర్వాత కుడివైపు చూపు కాస్త తగ్గింది. పుస్తకమైతే పేజీలో సగం ఆయనకు అందదు. తెర మీద బొమ్మను ఎడమవైపుకి జరపొచ్చు, ఎంత కావాలంటే అంత పెంచొచ్చు. కంప్యూటరంటే చులకనగా మాట్లాడేవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

మొదటి వారం బాగా గడిచింది. తెర మీద గుర్రం కనబడితే "గుర్రం" అన్నారు, టోపీ కనబడితే "టోపీ" అన్నారు. లత చప్పట్లు కొట్టింది. తర్వాతి వారం అవే బొమ్మలు, అవే మాటలు. ఆ తర్వాత అవి కూడా తగ్గాయి. ఒకరోజు నేను "ఈ మనిషి ఏమంటున్నాడు నాయుడుగారూ?" అని ఖాళీ బుడగ చూపించేసరికి, ఆయన ఎడమచేత్తో మౌసును బల్ల మీంచి తోసేశారు. అది తీగకు వేలాడుతూ ఊగుతుంటే ఆయన, లత, నేను ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

మర్నాటి నుంచి ఆయన రాలేదు. వారం తర్వాత పైడమ్మ ఒక్కతే వచ్చింది.

"ఇంక రానంటన్నారు డాక్టరమ్మా."

"అన్నారా? నోటితో అన్నారా?"

"సెయ్యి ఇలా ఊపీసినారు. గోడకేసి తిరిగి పడుకుంటన్నారు. ఇప్పుడు మొకం కూడా సూడనివ్వట్లేదు. మరి నానెలా కనిపెట్టేది?"

మా పనిలో పేషెంటు రానంటే ఊరుకోవడమే మర్యాద. నాకు ఆ మర్యాద తక్కువ. ఆదివారం పొద్దున్నే బాగ్‌బేరా వెళ్లాను. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు ఆ క్వార్టర్లలో గోడ గడియారం చప్పుడంత సహజం. నాయుడుగారు నన్ను చూసి మళ్లీ గోడవైపు తిరిగారు. నేను ఏం చెయ్యాలో తోచక, మంచం కింద ట్రంకు పెట్టె లాగి కామిక్స్ చూస్తూ కింద కూర్చున్నాను.

ఒక్క పుస్తకానికీ పిన్నుల్లేవు. అన్నీ విడి కాగితాలు. కొన్నింటికి అట్టలుండి లోపల కథ లేదు, కొన్నింటికి కథ ఉండి అట్టలు లేవు. పూర్తి పుస్తకం ఒకటి దొరకడానికి లత ఎంత వెతికి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అయ్యో, ఇన్ని పుస్తకాలు ఎవరు చింపేశారు?" అన్నాను.

"సింపినవి కావమ్మా. మేమే ఇప్పీసినాం."

ఆ మాట అన్నది అప్పుడే గుమ్మంలోకి వచ్చిన గణపతి. నాయుడుగారి ఇంజన్లో అసిస్టెంటుగా పని నేర్చుకొని ఇప్పుడు తానే గూడ్సు నడుపుతున్నాడు. వెనక వరస క్వార్టర్లోనే ఉంటాడు. డ్యూటీ లేని ఆదివారాల్లో వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న గురువు పక్కన కాసేపు కూర్చొని పోతుంటాడట.

గణపతి చెప్పింది ఇదీ. డ్రైవర్లు, గార్డులు బండి తీసుకెళ్లి పరాయి స్టేషన్లో దిగాక, తిరుగు బండి దొరికేదాకా వండుకు తిని పడుకోవడానికి రైల్వేవాళ్లు ఇచ్చే బసను రన్నింగ్ రూమ్ అంటారు. ఆ తిరుగు బండి ఒక్కోసారి పూటలో దొరుకుతుంది, ఒక్కోసారి రోజు దాటినా దొరకదు. తొంభైల్లో అక్కడ టీవీ లేదు. స్టేషన్ స్టాల్లో ఎవరో ఒకరు కామిక్స్ కొనేవారు. పుస్తకం ఒకటి, మనుషులు ముగ్గురు నలుగురు.

"ఒకడు సదువుతుంటే మిగిలినోల్లు ఆడి మొకం సూత్తూ కూసోవాలా? అందుకే పిన్నులు పీకీసి కాయితాలు పంచీసుకునీవోల్లం."

ఇక్కడ కాస్త వివరించాలి. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకంలో ఒక్కొక్క కాగితం రెండుగా మడిచి ఉంటుంది. పిన్నులు తీసేస్తే పై కాగితం పట్టుకున్నవాడికి మొదటి పేజీలు, చివరి పేజీలు కలిసి వస్తాయి. నడిమి కాగితం పట్టుకున్నవాడికి నడిమి కథ మాత్రమే వస్తుంది. ఈ రెంటికీ మధ్య కాగితాలు తీసుకున్నవాడికి మొదటి మలుపు, చివరి మలుపు దొరుకుతాయి. దొంగ ఎవడో ఒకడికి తెలుసు, ఎలా దొరికాడో తెలియదు. మరొకడికి గొడవంతా తెలుసు, అది ఎందుకు మొదలైందో తెలియదు.

"చదివాక కాగితాలు మార్చుకునేవారా?" అన్నాను.

"అమ్మమ్మ! కాయితం మార్సుకోకూడదు. సూపకూడదు కూడా. అదే రూలు. నీకు తెలీనిది నోటితోటి అడిగి తెలుసుకోవాల. మార్సీసుకుంటే అరగంటలో అయిపోద్ది కదమ్మా, తర్వాత బండొచ్చీదాకా ఏటి సేత్తాం? ఆ రూలు ఎట్టిందెవులనుకున్నారు? అదుగో, ఆ గోడకేసి తిరిగినాయనే."

మంచం మీద మనిషి కదల్లేదు. కాని వింటున్నారని ఆ వీపు చూస్తేనే తెలిసింది.

గణపతి నా చేతిలోని కాగితాలు చూసి ఒక్కసారి నవ్వాడు. "ఓలమ్మ, ఇది ఉందా ఇంకా! ఇది గొడుగు జాసూసు కథమ్మా. పై కాయితాలు గురువుకొచ్చినాయి. నడిమియి నాకొచ్చినాయి. మిగిలినయి దాసుబాబని ఒక ఒరియా గార్డు తీసుకున్నాడు. సదివినామో లేదో, ముగ్గురికీ బళ్ల పిలుపొచ్చింది. ఎవుడి కాయితాలు ఆడు జేబులో ఎట్టుకుని పోయినాం. దాసుబాబు బదిలీ మీద ఎల్లిపోయినాడు. నా కాయితాలు మా ఇంట్లోనే ఉన్నాయి. గురువు అడిగితే నేనొక కథ సెప్పీవోణ్ణి, అందులో సగం అబద్దం. అలాగే సాన్నాళ్లు ఏడిపించినాను."

"తెస్తారా అవి?" అన్నాను. నా గొంతులో తొందర నాకే వినిపించింది.

ఆయన పరుగులాంటి నడకతో వెళ్లి, పాత పంచాంగంలో దాచిన కాగితాలు పట్టుకొచ్చాడు. నేను పై కాగితాలు నాయుడుగారి ఎడమచేతిలో పెట్టాను. కాసేపటికి ఆయన లేచి కూర్చున్నారు. పైడమ్మ తలగడ సర్దబోయింది. ఆమెను పక్కన కూర్చోబెట్టి, ఏం జరిగినా నోరు తెరవొద్దన్నాను. పాపం, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని అలాగే కూర్చుంది.

నాయుడుగారు కాగితాలను ఎడమవైపుకి జరుపుకుంటూ పేజీలు తిప్పారు. రాజుగారి కోటలో కంఠహారం పోతుంది. గొడుగు పట్టుకొని ఒక ముసలి జాసూసు, అంటే డిటెక్టివ్, వస్తాడు. చివరి పేజీలో కోట వంటవాడికి రాజుగారు పూలదండ వేస్తుంటారు. వంటవాడు ఏం ఘనకార్యం చేశాడో ఆ కాగితాల్లో లేదు.

గణపతి తన కాగితాలు చూసుకొని గొంతు సవరించుకున్నాడు.

"గురూ, నీ వంటోడు సచ్చిపోయినాడు."

నాయుడుగారు తల పైకెత్తారు.

"నూతిలోకి తోసీసినారు. నీల్లలో మునిగిపోయినాడు. అయిపోయినాడు."

నాయుడుగారు గబగబా చివరి పేజీ తీసి దండ వేసుకున్న వంటవాణ్ణి వేలితో చూపించారు. గణపతి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"నాకేటి సూపిత్తన్నావు? కాయితం సూపకూడదు. రూలు నువ్వే ఎట్టినావు. నోటితోటి సెప్పు. నేనైతే సెప్పేది ఒకటే. వంటోడు సచ్చిపోయినాడు, ఆడి పెళ్లాం ఇంకోణ్ణి సేసుకుంది."

ఆయన మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి. నేను క్యూ ఇవ్వబోయి నాలుక కరుచుకున్నాను. ఆయనకేం మాట కావాలో నాకు తెలియదు మరి.

"అ... అబ... అబద్దం!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే వంటింట్లో ఉన్న లత చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గణపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి గాని ఆ మహానుభావుడు ఆట వదల్లేదు.

"అబద్దమైతే మరి నిజమేటి? సెప్పు."

"దండ," అన్నారు నాయుడుగారు. కాసేపాగి, "రాజు... దండ," అన్నారు.

"రాజు దండేసినాడా? ఎవుడికి?"

"వంటోడు."

"అయితే నూతిలోంచి ఎలాగొచ్చినాడు మరి?"

నాయుడుగారు కాగితాల్లో వెతికారు. లేదు. గణపతిని చూశారు. గణపతి తన ఆఖరి పేజీ వైపు చూసి, ఈసారి నిజంగానే తెల్లబోయాడు. వంటవాడు నూతిలో పడడంతో ఆయన కాగితాలు అయిపోయాయి. గణపతి చెప్పినదాంట్లో వంటవాణ్ణి నూతిలోకి తోసెయ్యడం నిజమే. చంపడం మాత్రం సొంత కల్పన. బయటికి ఎలా వచ్చాడన్నది దాసుబాబు జేబులో వెళ్లిపోయిన కాగితాల్లో ఉంది.

ఆ రోజుతో మాట వచ్చేసిందని రాస్తే వినడానికి బాగుంటుంది. అలా రాదు. ఆ తర్వాత వచ్చినవన్నీ ముక్కలే. "కాదు," "ఎవుడు," "మరి," "ఎందుకు," "అబద్దం." కాని ఆ ముక్కలు ఎవరూ అందించకుండా వచ్చాయి. ఆయన మళ్లీ నా గదికి రావడం మొదలుపెట్టారు, వీలున్నప్పుడల్లా గణపతి కూడా వచ్చేవాడు. ట్రంకు పెట్టెలోంచి ఒక విడి కామిక్స్ తీసి సగం నాయుడుగారికి, సగం నాకు లేదా గణపతికి. నా బొమ్మల కార్డుల పెట్టె అలమార మీదికి చేరింది.

ఇంటికెళ్లాక నా చదువు పుస్తకాలు తీసి చూసుకున్నాను. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకుండా ఉంచి మాట్లాడించే పద్ధతి వాటిలో ఉంది. చదివి పరీక్ష కూడా రాశాను. అయినా రోజూ నేను చేస్తున్నదేమిటి? గొడుగు బొమ్మ నా చేతిలోనే పెట్టుకొని ఇదేమిటని అడగడం. జవాబు నాకు తెలుసని ఆయనకు తెలుసు. తెర మీద కూడా అంతే. ఆయన చూసే బొమ్మే నేనూ చూస్తున్నాను, ఒకరిని ఒకరు అడగాల్సిన అవసరం లేదు. ఇంట్లో పైడమ్మ సరేసరి, దాహం వెయ్యకముందే నీళ్లిచ్చేస్తుంది. అందరం ఎంతో ప్రేమగా ఆ మనిషికి నోరు తెరవాల్సిన పని లేకుండా చేశాం. రన్నింగ్ రూమ్‌లో అన్నం ఉడికేదాకా కబుర్లు సాగాలని పెట్టుకున్న ఆ రూలే నాకు దారి చూపించింది.

చలికాలం మొదలైంది. ఒక సాయంత్రం లత సంబరంగా వచ్చింది. కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్లు పాత పుస్తకాలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టడం అప్పుడప్పుడే మొదలైంది. సైబర్ కేఫ్‌లో వెతగ్గా వెతగ్గా గొడుగు జాసూసు కథ మొత్తం దొరికిందట. అది దిగేదాకా కూర్చొని సీడీ చేసుకొచ్చింది.

"పాపా, పూరీ కహానీ మిల్ గయీ!" అని నా కంప్యూటర్‌లో పెట్టింది. కథంతా దొరికింది, ఒక్క పేజీ కూడా లోటు లేదు.

తెర మీద అట్ట బొమ్మ వచ్చింది. నాయుడుగారు ముందుకు వంగి దాన్ని ప్రేమగా చూశారు. లత తర్వాతి పేజీకి నొక్కబోతుంటే, ఎడమచెయ్యి తెరకు అడ్డం పెట్టేశారు.

"వద్దు," అన్నారు.

లత మొహం చిన్నబోయింది. "క్యోం, పాపా?" అని కారణం అడిగింది.

"అడిగి..." అన్నారు. మాట కోసం ఆగారు. మేమెవరం అందించలేదు. "అడిగి... తెలుసుకోవాల."

ఆ పిల్ల నన్ను చూసింది, నేను ఆ పిల్లను చూశాను. తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. లత దాసుబాబు పేజీలు మాత్రం ఏరి, అసలు పుస్తకంలో ఉన్నట్టే కాగితానికి రెండు వైపులా వచ్చేలా ప్రింటు తీసింది. ఆదివారం వాటిని మడిచి బాగ్‌బేరా ఇంటికి తెచ్చింది. నన్నూ రమ్మన్నారు. గణపతి అప్పటికే గుమ్మం పక్క గట్టు మీద కూర్చొని, కాగితాల కోసం చెయ్యి చాపాడు. నాయుడుగారు తల అడ్డంగా ఊపారు.

"నువ్వొద్దు. అబద్దాలు."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. కుమ్మరించిన బియ్యం ముందు చాట పట్టుకు కూర్చున్న భార్యవైపు వేలు చూపించారు.

"నానా? నాకు సదువెక్కడొచ్చు!" అంది పైడమ్మ.

"అమ్మా, బొమ్మలున్నాయి కదా," అంది లత. ఆ అమ్మాయి నోట తెలుగు నేను వినడం అదే మొదలు.

పైడమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని కాగితాలు అందుకుంది. గోడవైపు తిరిగి, భర్తకు కనిపించకుండా ఒక్కొక్క బొమ్మా తీరిగ్గా చూసింది. ఒకచోట "ఓలమ్మో!" అని బుగ్గ మీద వేలేసుకుంది. ఒకచోట కిసుక్కున నవ్వింది. నాయుడుగారు మంచం మీంచి ముందుకు జరిగారు. మెడ సాచి చూడబోయారు. ఆమె కాగితాలు గుండెలకు హత్తుకుంది. యార్డులో ఎక్కడో వ్యాగన్లు తగిలాయి.

"ఏ..." అన్నారు నాయుడుగారు. ఆగారు. పెదాలు తడుపుకున్నారు. "ఏటే."

పైడమ్మ ఉలిక్కిపడింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఏటే... వంటోడు... ఎలాగొచ్చినాడు?"

ఆయనకు ఏం కావాలో మొహం చూసి కనిపెట్టి ఇచ్చేసే మనిషి ఆమె. ఇప్పుడు అడగనే అడిగారు, జవాబు ఆమె చేతుల్లోనే ఉంది. ఇచ్చేస్తుందనుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకొని, కాగితాలు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకొని, చాట ముందుకు లాక్కుంది.

"సెప్పను," అంది. "మల్లీ అడగండి."